మూడు మూలల మన్షూర్

నేను రిటైరైన ఉపాధ్యాయురాలినని ఎవరితోనైనా అంటే మా ఆయన అటు తిరిగి నవ్వుకుంటాడు. నా వయసు ఇరవై అయిదు. నా సర్వీసు మొత్తం రెండేళ్ల నాలుగు నెలలు. అయినా ఉద్యోగం చేసి మానేసినవాళ్లను ఇంకేమనాలో నాకు తెలియదు.

పోయిన వారం మా వీధిలోని ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. పంతులమ్మల ట్రైనింగుకు వెళ్తున్నారట. "అక్కా, బడిల అన్నిటికన్న జాగ్రత్తగ ఉండవలసింది దేనితోని?" అని అడిగారు. అప్పుడు నేను పాపకు జ్వరమేమోనని నాలుగోసారి నుదురు పట్టి చూస్తున్నాను. ఆ ధ్యాసలోనే "సామాను జాబితాతో" అన్నాను. వాళ్లు నవ్వి, నాకు నిద్ర చాలడం లేదనుకుని వెళ్లిపోయారు. నిద్ర చాలని మాట నిజమే. కానీ నేను చెప్పింది కూడా నిజమే. పాప పడుకుంది, దగ్గు కూడా కొంచెం తగ్గింది. లేచేలోగా ఆ సంగతి రాసి పెడతాను.

నేను లెక్కలు చెప్పిన ఆడపిల్లల బడి వరంగల్ స్టేషను నుంచి కోటకు పోయే దారిలో ఒక పాత ఇంటి మూడు గదుల్లో ఉండేది. నేను చేరిన మరుసటి ఏడు మొదటిసారి పదో తరగతి పెట్టారు. అందులో ఆరుగురు పిల్లలు. విద్యాశాఖ కచేరీ ఆ తరగతికి పూర్తి అనుమతి ఇవ్వలేదు. తనిఖీ అధికారి వచ్చి చూసి, ఆడపిల్లలకు లెక్కలు వస్తున్నాయని తేలితే తరగతి ఉంటుంది, ఆరుగురూ మెట్రిక్ పరీక్ష రాస్తారు. లేకపోతే తరగతి మూత, పిల్లలు ఇళ్లకు. ఆ ఆరిళ్లలో ఏ ఒక్కదాంట్లోనూ ఇంకో బడికి పంపే ఆలోచన లేదు. జంపఖానాలు నేసే ఒక తండ్రి ఆ మాట మొదటి రోజే చెప్పేశాడు: "బడి ఉన్నన్ని రోజులు సదువుకోనీ అమ్మా. బడే లేకుంటే మగ్గం ఉన్నది."

ఆ నేత ఆయన కూతురు తరగతిలో అందరికంటే చురుకు. ఏది చెప్పినా ఎదురు ప్రశ్న వేసేది. ఇంకో పిల్ల, దర్జీ కూతురు, అందుకు పూర్తిగా వ్యతిరేకం. ప్రశ్న అనేది వేయదు. నేను చెప్పినదంతా రాసుకుంటుంది. ఒకసారి ఆమె పుస్తకం తీసి చూస్తే, సమాంతర రేఖల పాఠం మధ్యలో "జర కిటికీ తెరువుండ్రి" అని కూడా ఉంది. ఆ రోజు నేను అన్న మాటే అది. అంత విధేయురాలైన విద్యార్థిని దొరికిందని మురిసిపోయాను.

అప్పుడు లెక్కల పుస్తకాలు ఉర్దూలో ఉండేవి. హైదరాబాదు కాలేజీలో నేను చదివిందీ ఉర్దూలోనే. త్రిభుజాన్ని ముసల్లస్ అనేవాళ్లం, ఘనపరిమాణాన్ని హజ్మ్ అనేవాళ్లం. రెండు కొసల్లో ఒకే తీరు త్రిభుజాలు ఉండి మధ్యలో తిన్నగా సాగే దిమ్మె ఒకటుంది కదా, చిన్న డేరా లాంటిది, దాని పేరు ముసల్లసీ మన్షూర్. తెలుగులో దాన్ని పట్టకం అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ మన్షూర్ అనే మాటకు ఇంకో అర్థం ఉంది. ఒక పార్టీ తన ఉద్దేశాలన్నీ అచ్చువేసి జనంలోకి వదిలే ప్రకటనను కూడా ఉర్దూలో మన్షూర్ అనే అంటారు. నిజాం పాలన చివరి రోజులవి, ఎలాంటివో మీకూ గుర్తుండే ఉంటుంది. సంచీలో కాగితం కనబడితే చాలు, పోలీసు జవాను ఆపి చదివించుకునేవాడు. రెండో అర్థం నాకు తెలియక కాదు. లెక్కల పుస్తకంలో ఉన్నన్నాళ్లు అది లెక్కల మాటే కదా అనుకున్నాను.

ఆ దిమ్మె ఘనపరిమాణం కట్టడం సులువు. అడుగు వైశాల్యాన్ని పొడుగుతో గుణించాలి. అడుగు లంబకోణ త్రిభుజం కనుక, దాని వైశాల్యానికి లంబకోణం దగ్గరి రెండు భుజాలు గుణించి సగం తీసుకోవాలి. నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఆరుగురూ తప్పే చేశారు. కింద ఆనుకుని ఉన్న దీర్ఘచతురస్రాన్ని అడుగు అనుకున్నారు, సగం సంగతి మరిచిపోయారు.

"పంతులమ్మా, అది పండుకొని ఉన్నది గదా. కిందున్నదే గదా అడుగు?" అంది నేత ఆయన కూతురు.

"అడుగు అంటే కింద ఉన్నది కాదు."

"మరి మీదున్నదా?"

"పక్కనున్నది."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దర్జీ కూతురు "అడుగు పక్కన ఉంటది" అని రాసుకుంది. ఇక చెక్కతో అసలు వస్తువు చేయించి చేతికి ఇవ్వకపోతే లాభం లేదనుకున్నాను.

ఖిలా వరంగల్‌లో ఉండే వడ్రంగి ఒకాయన మా బడి తలుపులు చేశాడు. ఆయన్ని పిలిపించాను. ఒక భుజం మూడంగుళాలు, ఇంకో భుజం నాలుగు, ఆ రెండూ కలిసే చోట గోడ మూలలా తిన్నగా ఉండాలి, పొడుగు పన్నెండు అని కాగితం మీద గీసి ఇచ్చాను.

"దీన్తోని ఏం జేస్తరమ్మా?" అన్నాడు.

"ఏమీ చేయం. చూస్తాం."

"సూసుటానికా!" అని తల గోక్కుంటూ వెళ్లాడు. నాలుగో రోజు టేకు దిమ్మె తెచ్చాడు. అద్దంలా నునుపు చేశాడు. దాన్ని త్రిభుజం మీద నిలబెట్టి చూపించేసరికి ఆరుగురికీ ఒక్కసారే అర్థమైంది. మూడు నాలుగులు పన్నెండు, అందులో సగం ఆరు, ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు. డెబ్బై రెండు ఘనపుటంగుళాలు. ఆ రోజు నేను ఇంటికి నడిచి పోలేదు, తేలుతూ పోయాను.

ఆ తేలడంలోనే తప్పు చేశాను. తనిఖీకి ముందు బడి సామాను జాబితా కచేరీకి పంపాలి. నా ఉర్దూ దస్తూరీ బాగుంటుందని పెద్ద పంతులమ్మ ఆ పని నాకు ఇచ్చింది. ఆమె మా బడికి యజమాని, వంట మనిషి, గంట కొట్టే మనిషి అన్నీ. నేను కూర్చుని ఇలా రాశాను: కుర్చీలు నాలుగు. కూజాలు రెండు. గంట ఒకటి. మన్షూర్, ముసల్లసీ, చెక్కది, ఒకటి, డెబ్బై రెండు. ఆ చివరి అంకె ఎవరూ అడగలేదు. సంతోషం పట్టలేక రాశాను.

కచేరీలో ఆ జాబితా చదివిన గుమాస్తాకు లెక్కలతో పరిచయం లేదు కానీ పత్రికలతో ఉంది. కూజాలకూ గంటకూ పక్కన మన్షూర్ కనబడేసరికి ఆయన కుర్చీలోంచి లేచాడట. ముసల్లసీ అంటే మూడు పార్టీలు కలిసి వేసిందన్నాడు. చెక్కది అంటే చెక్కలో దాచిపెట్టిందన్నాడు. డెబ్బై రెండు అంటే కాపీలన్నాడు. కాగితం అక్కడి నుంచి పోలీసు ఠాణాకు పోయింది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

మాకు ముందు తెలిసింది ఏమిటంటే, ఒక మధ్యాహ్నం ఠాణా అధికారి అమీన్ సాబ్ ఒక జవానుతో వచ్చి గుమ్మం బయటే బూట్లు విప్పి నిలబడ్డాడు. మా ప్రాంతం మనిషే, భారీ శరీరం, నెమ్మదస్తుడు. లోపల ఆడపిల్లలున్నారని తల వంచుకునే మాట్లాడాడు.

"పంతులమ్మా, మన్షూర్ ఏడున్నది?"

"బల్ల మీద ఉంది సార్."

ఆయన తల ఎత్తాడు. "బల్ల మీదనా? అందరి ముంగట్నా?"

తెచ్చి చేతికిచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"గిది చెక్క."

"అవును సార్, చెక్కదే."

"రాసింది ఏడున్నది?"

"రాసింది ఏమీ లేదు సార్."

"రాయకుంట మన్షూర్ ఎట్లయితది?"

"ఆకారం వల్ల సార్."

ఆయన దాన్ని జవానుకు ఇచ్చాడు. జవాను ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత వాసన చూశాడు. "సాబ్, టేకు."

పంచనామా రాయడానికి ఒక ఫారం ఉంది. జప్తు చేసిన వస్తువు పొడుగు, వెడల్పు, ఎత్తు అందులో నింపాలి. అమీన్ సాబ్ జేబులోంచి కొలత పట్టీ తీసి, దిమ్మెను బల్ల మీద పడుకోబెట్టి, ఓపికగా కొలిచాడు. పన్నెండు, నాలుగు, మూడు. కాగితం అంచున గుణించాడు. నూట నలభై నాలుగు. నా జాబితా తీసి చూశాడు. మళ్లీ గుణించాడు.

"పంతులమ్మా, మీ కాయితంల డెబ్బై రెండున్నది. నా లెక్కల నూట నలభై నాలుగు వస్తాంది. నేను మూడేండ్లు అడివి పహరాల జేసిన. దొంగ టేకు మొద్దులు ఎన్ని కొలిచిన్నో అల్లాకే ఎరుక. పొడుగు, వెడల్పు, ఎత్తు. మూడు గుణిస్తే మాల్. మరి మిగిలిన డెబ్బై రెండు ఎందుకు రాయలే?"

భయపడినప్పుడు నేను నిజమే చెప్తాను కానీ పొట్టిగా చెప్తాను. అదే నా జబ్బు.

"సార్, ఇది సగమే," అన్నాను.

అమీన్ సాబ్ జవాను వైపు తిరిగాడు. "రాసుకో. సగమేనని ఒప్పుకున్నరు."

పెద్ద పంతులమ్మ నా కొంగు పట్టి లాగింది. "ఓ బిడ్డా, నువ్వు ఇగ మాట్లాడకు."

"మిగిలిన సగం ఏడున్నదమ్మా?" అన్నాడు ఆయన.

"మిగిలిన సగం లేదు సార్. ఎప్పుడూ లేదు."

"లేకుంటె గిది సగమెట్లయింది?"

ఈ ప్రశ్నకు నేను చాలాసార్లు మనసులో జవాబు చెప్పుకున్నాను. ఆ రోజు మాత్రం పెద్ద పంతులమ్మ నా కొంగు ఇంకా గట్టిగా లాగింది. ఎవరు చేసి ఇచ్చారని అడిగితే వడ్రంగి అని చెప్పాను. జవాను సైకిలు మీద కోటకు పోయి ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. భుజం మీద రంపం అలాగే ఉంది.

"గీ దిమ్మె నువ్వే జేసినవా?"

"నేనే సాబ్."

"దీని ఇంకో సగం ఉన్నదా?"

"ఉండక ఎటు వోతది? నా ఇంట్ల ఉన్నది."

పెద్ద పంతులమ్మ కుర్చీలో కూలబడింది.

వడ్రంగి సంబరంగా వివరించాడు. మూడు నాలుగుల మొద్దు ఒకటి తీసుకున్నాడట. ఒక మూల నుంచి ఎదురు మూలకు నిలువునా ఒక్క కోత కోశాడట. రెండు ముక్కలు పుట్టాయి, అచ్చం ఒక్క తీరే. ఒకటి బడికి ఇచ్చాడు. "రెండోది మేకల దొడ్డి తలుపుకు అడ్డం వెట్టిన సాబ్. మంచిగ ఆగుతాంది."

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఆ భయంలో కూడా నాకు సిగ్గు వేసింది. సగం ఎందుకు తీసుకోవాలో పిల్లలకు చెప్పడానికి వారం రోజులు బోర్డు అరగదీశాను. ఆ మనిషి ఒక్క రంపపు కోతతో చెప్పేశాడు. మొద్దులో సగం కనుక సగం. అంతే.

అమీన్ సాబ్ మాత్రం వేరే సంగతి విన్నాడు. మన్షూర్ రెండు భాగాలు, ఒకటి బడిలో, ఒకటి మేకల దగ్గర. తన కొలత తప్పలేదని ఆయన తేల్చుకున్నాడు. పంచనామా పూర్తి చేసి, మూడు రోజుల్లో తనిఖీ అధికారి వస్తున్నారు కదా, ఆయన ముందే తేల్చుకుందామన్నాడు. రెండో ముక్క కూడా ఆ రోజు హాజరు పరచాలి. అందాకా పదో తరగతి గదికి తాళం. పోతూ పోతూ "బుర్ర ఖరాబ్ చేసుకోకుండ్రి పంతులమ్మా, కాయిదా కాయిదానే" అన్నాడు, నియమం నియమమేనని, పాపం ఓదార్పుగానే.

ఆ మూడు రోజులు వసారాలో పాఠాలు చెప్పాను. మొదటి రోజు సాయంత్రం నేత ఆయన వచ్చాడు. చేతులకు రంగు అలాగే ఉంది.

"పంతులమ్మా, మా బిడ్డ ఏడన్న సంతకం వెట్టిందా?"

"లేదండీ. గుణించింది, అంతే."

"గుణిస్తే జేలుకు తోల్తరా?"

"తోలరు," అన్నాను. నాకు గట్టి నమ్మకమేమీ లేదు.

"మగ్గం మీద గూడ లెక్కనే ఉంటది. ఏ పోగు తర్వాత ఏ పోగు, అన్ని లెక్కనే. గిన్నేండ్లల్ల ఒక్క అమీన్ రాలే." నాలుగడుగులు వేసి తిరిగి, "మీరు మంచోళ్లే. గని ఎల్లుండి ఏమన్న అయితే బిడ్డను తోలుకపోత. తప్పు వట్టకుండ్రి" అని వెళ్లాడు.

పెద్ద పంతులమ్మ నన్ను క్షమాపణ ఉత్తరం రాయమంది. రాశాను. చదివి చించేసింది. మళ్లీ రాశాను. మళ్లీ చించింది. "గిండ్ల గూడ ఆ మాటనే ఉన్నది గదనే!" అంది. మన్షూర్ అనకుండా మన్షూర్ గురించి క్షమాపణ ఎలా చెప్పుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి తెల్ల కాగితం మీద సంతకం మాత్రం పెట్టి, ఏమి రాయమంటే అది రాద్దామని దాచుకున్నాం.

తనిఖీ రోజు వచ్చింది. తనిఖీ అధికారి తెల్ల గడ్డం, నల్ల షేర్వానీ, మృదువైన మనిషి. ఆయన ఉర్దూలోనే మాట్లాడాడు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఒక పక్క అమీన్ సాబ్, జప్తు చేసిన దిమ్మెతో జవాను. ఇంకో పక్క వడ్రంగి, చంకలో రెండో దిమ్మె. గోడవారన ఆరుగురు పిల్లలు. గేటు బయట తండ్రులు.

వడ్రంగి దిమ్మెను బల్ల మీద పెట్టకుండానే మొదలుపెట్టాడు. "సాబ్, జల్ది సూడుండ్రి. అడ్డం తీసుకొచ్చిన గదా, దొడ్డి తలుపు ఆగుతలేదు. పొద్దుగాల్నే మూడు మేకలు బయటవడ్డయి."

"మేకలకూ దీనికీ ఏమిటి సంబంధం?" అన్నాడు అధికారి.

"అదే తహకీకాత్ జేస్తాన్నం సర్కార్," అన్నాడు అమీన్ సాబ్, విచారణ కాగితాలు తీస్తూ.

పంచనామా చదివారు. అధికారి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నేను సాహిత్యం చదివినవాణ్ని," అన్నాడు. "లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచి కొంచెం... మీ పిల్లల్లో ఎవరైనా దీని ఘనపరిమాణం చెప్పగలరా?"

నేను నోరు తెరిచేలోపే పెద్ద పంతులమ్మ నా కాలు తొక్కింది. నేత ఆయన కూతురు ముందుకు వచ్చింది.

"డెబ్బై రెండు సాబ్."

"అమీన్ సాబ్ నూట నలభై నాలుగంటున్నారే?"

ఆ పిల్ల రెండు దిమ్మెలనూ తీసుకుని, ఏటవాలు ముఖాలు రెండూ కలిపి బల్ల మీద పెట్టింది. చిన్న చక్కటి పెట్టె అయింది. ఎక్కడ అతికిందో కూడా కనబడలేదు. వడ్రంగి మురిసిపోయాడు.

"అమీన్ సాబ్, ఇప్పుడు జర కొలువుండ్రి."

ఆయన కొలిచాడు. పన్నెండు, నాలుగు, మూడు. "నూట నలభై నాలుగు! నేను మొదటి దినమే అనలే?"

"అన్నరు సాబ్. గని మొదటి దినం మీ చేతుల ఒక్కటే ఉండె."

అమీన్ సాబ్ ఒక దిమ్మెను పక్కకు తీసి, మిగిలినదాన్ని పడుకోబెట్టి కొలిచాడు. పన్నెండు, నాలుగు, మూడు. పట్టీ వెనక్కీ ముందుకీ చూశాడు. మళ్లీ రెండూ కలిపి కొలిచాడు. మళ్లీ ఒకటి కొలిచాడు.

"ఒక్కటున్నా నూట నలభై నాలుగే, రెండున్నా నూట నలభై నాలుగేనా?"

జవాను ఆలోచించి, "సాబ్, ఒకటి మనకు ఉత్తగ వచ్చినట్టు," అన్నాడు.

"నోరు ముయ్యి," అన్నాడు అమీన్ సాబ్ నీరసంగా. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మూడేళ్లు అడవిలో కొలిచిన మొద్దుల్లో చీల్చినవి ఎన్నో, నిండువి ఎన్నో ఆయన మనసులో దొర్లుతున్నట్టు అనిపించింది.

అధికారికి ఇది నచ్చింది. "బేటీ, మరి దీని అడుగు ఏది? కింద ఆనుకున్నదే కదా?"

ఆ ప్రశ్నకే మొదట్లో ఆరుగురూ పడిపోయారు. ఆ పిల్ల ఒక్క క్షణం దిమ్మె వైపు చూసింది.

"సాబ్, మనిషి పండుకుంటే వీపు కిందికి వస్తది. గంత మాత్రాన వీపు పాదమైతదా? పండుకున్నా నిలవడ్డా పాదాలు పాదాలే." దిమ్మెను లేపి త్రిభుజం మీద నిలబెట్టింది. "గిది పండుకొని ఉండె. దీని పాదం గిది."

ఈ మాట నేను చెప్పింది కాదు. నేను చెప్పగలిగిందీ కాదు. అధికారి రెండు చేతులూ బల్ల మీద చరిచి "శాబాష్" అన్నాడు. తరగతి ఉంటుందని అప్పుడే, అక్కడే చెప్పాడు. ఆరుగురూ మెట్రిక్ రాయవచ్చు. గేటు దగ్గర తండ్రులకు వినబడేంత గట్టిగా పెద్ద పంతులమ్మ ఏడ్చింది.

కానీ ఆయన వెళ్లబోతూ ఆగాడు. "కాగితం ఒకటి పుట్టింది కదా అమ్మా," అన్నాడు నాతో. "పుట్టిన కాగితానికి జవాబు ఉండాలి. మన్షూర్ అంటే ఏమిటో నేను ప్రతి గుమాస్తాకూ పాఠం చెప్పలేను. మీ పిల్లయితే ఈయనకు చెప్పగలిగింది, అందరి దగ్గరికీ ఆమెను పంపలేం." మేము దాచుకున్న సంతకాల కాగితం పెద్ద పంతులమ్మ ఆయన ముందు పెట్టింది. దాని మీద ఆయనే ఒక వాక్యం రాశాడు: ఈ బడిలో మన్షూర్ లేదు, ఇకముందు ఉండదు.

ఒక దిమ్మె అమీన్ సాబ్‌తో ఠాణాకు పోయింది. రెండోది మేకల దగ్గరికి పోయింది. మా బడిది ఏదో చివరికి ఎవరికీ తెలియలేదు.

మీరు నవ్వుతారని తెలుసు. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. భయస్తురాలి చేతికి ఒక ఆజ్ఞ ఇస్తే ఆమె దాన్ని ఇచ్చినవాడికంటే గట్టిగా పట్టుకుంటుంది. అధికారి కోరింది కాగితం మీద ఒక వాక్యం. నేను మర్నాడే పిల్లలను కూర్చోబెట్టి, ఆ మాట నోట అనకూడదు, పలక మీద రాయకూడదు, పుస్తకంలో ఎక్కడ కనబడినా చూపు తిప్పుకోవాలి అని చెప్పాను. ఆ పాఠం ఉన్న ఆకులను సూదితో కుట్టేయించాను. తప్పనిసరి అయితే "అది" అనేదాన్ని. దర్జీ కూతురు నా మాటలన్నీ రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

మూడు నెలలకు మెట్రిక్ పరీక్ష వచ్చింది. లెక్కల పేపరు రోజు నేను పరీక్ష హాలు బయట నిలబడ్డాను. ఆరుగురూ వచ్చారు. ప్రశ్నపత్రం తీసుకుని చూశాను. నాలుగో ప్రశ్న, పది మార్కులు: ముసల్లసీ మన్షూర్ ఘనపరిమాణం కట్టండి.

"చేశారా?" అన్నాను.

నేత ఆయన కూతురు ముందుకొచ్చింది. "చేసిన పంతులమ్మా. పేరు మాత్రం రాయలే. 'మా బడిల లేని వస్తువు' అని పైన రాసి, కింద లెక్క చేసిన."

మిగిలిన అయిదుగురూ ఆ ప్రశ్న ముట్టుకోనే లేదు.

"మీరే గదా కండ్లు తిప్పుకోమన్నరు," అంది దర్జీ కూతురు. "నేను ఆ ప్రశ్న పూరాగా సదువనే లేదు. ఆ మాట కనవడంగనే కింది దానికి వోయిన."

ఫలితాలు వచ్చాయి. అయిదుగురు పాసయ్యారు. దర్జీ కూతురు లెక్కల్లో ఆరు మార్కులు తక్కువై తప్పింది.

ఆ సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. ఇల్లు వీధి మీదే. అరుగు మీద తండ్రి మిషను కుడుతున్నాడు. నన్ను చూసి లేచి, "రా అమ్మా, బిడ్డ మీద కోపం చేయకు. మీరు చెప్పిందంత రాసుకున్నది, గని నసీబు లేదు," అన్నాడు. నాకు నిలబడటానికి చోటు దొరకనట్టయింది. ఆ పిల్ల పుస్తకం తెచ్చి, రెండు గీతలున్న చోటు చూపింది. తప్పు ఎక్కడ చేసిందో నిజంగానే ఆమెకు తెలియడం లేదు.

అరుగు మీద కూర్చున్నాను. వీధిలో పాల మనిషి పోతోంది. జట్కా ఒకటి పోతోంది. ఠాణా వైపు నుంచి ఇద్దరు జవాన్లు మాట్లాడుకుంటూ వస్తున్నారు. వాళ్లు మా ఎదురుగా వచ్చేదాకా ఆగాను.

"మన్షూర్," అన్నాను, గట్టిగా. "ముసల్లసీ మన్షూర్."

పిల్ల గడపలోకి ఒదిగిపోయింది. జవాన్లలో ఒకడు బీడీ విసిరేసి నడక సాగించాడు. ఇంకొకడు తల కూడా తిప్పలేదు. పాల మనిషి పోయింది, జట్కా పోయింది. తండ్రి మిషను మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

పిల్ల చాలాసేపు వీధి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"గింతేనా పంతులమ్మా?"

ఇంతే. ఇంతకే నేను ఆమె చేత ఒక సంవత్సరం పోగొట్టించాను. ఆ సంవత్సరమంతా వారానికి మూడు సాయంత్రాలు ఆ అరుగు మీద కూర్చుని లెక్కలు చెప్పాను. నాకు ఆరో నెల వచ్చి, నడవడం కష్టమై, ఉద్యోగం మానేశాక కూడా ఆ అరుగుకు మాత్రం వెళ్లేదాన్ని. ఆమె ప్రశ్నలు వేయడం నేర్చుకుంది. ఒక్కోసారి అవసరమైన దానికంటే ఎక్కువ వేసేది. మరుసటి ఏడు పరీక్ష రాసి పాసైంది. ఆ ఏడు ప్రశ్నపత్రంలో మన్షూర్ రాలేదు.